గీత మందం

ముద్ద ఆరేదాకా చెయ్యి కదపకూడదు. అందుకని ఆయన కుడి ముంజేతిని బల్ల మీద పెట్టుకుని, పక్కింటివాళ్లు కాస్త చూస్తుండమని వదిలివెళ్లిన వస్తువును చూసినట్టు దాని వంక చూస్తూ కూర్చున్నాడు. మణికట్టు చుట్టూ పట్టించిన ఆకుపచ్చ ముద్ద అంచుల నుంచి ఎండుతూ లోపలికి వస్తోంది. నడుమ నాణెమంత తడి మిగిలింది. అది కూడా ఆరితే లేచి, సబ్బుతో కడుక్కుని, ఏడున్నర బస్సు అందుకోవాలి.

వాకిట్లో టకటకమని చప్పుడవుతోంది. ఆయన భార్య మెట్టు మీద కూర్చుని, తన చెప్పు పట్టీని రాతి మీద పరిచి, మేకుతో చిల్లు పొడుస్తోంది. రెండు దెబ్బలకొకసారి సుత్తి పక్కన పెట్టి ఊపిరి తీసుకుంటోంది.

"పొద్దున్నే ఏమిటా టకటక?"

"పట్టీ బిగుసుకుపోయిందండీ. బకిల్ అందట్లేదు. ఇంకో చిల్లు పొడుస్తున్నా."

"మొన్ననే కదా పొడిచావు."

"వానకి తడిసి తోలు ముడుచుకుపోయింది. వయసు మీద పడితే ఏదైనా ముడుచుకుపోవడమే కదా."

ఆయన తల ఊపాడు. తోలు తడిస్తే ముడుచుకుంటుందన్నది నిజమే. ఎవరైనా ఒక కారణం చెబితే, అది కుదురుగా ఉంటే, ఆయన దాన్ని మళ్లీ తిరగేసి చూసే మనిషి కాదు. ఆమె లేచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చి, ఆయన మణికట్టు మీద చూపుడువేలితో మెల్లగా నొక్కి చూసింది.

"ఇంకో రెండు నిమిషాలు. ఇవాళే కదూ నా ఆకు పరీక్ష రాసేది?"

"ఊఁ."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇవాళ తేలిపోతుంది. కాస్త చూసీ చూడనట్టు దిద్దండి."

"దిద్దేది నేను కాదు. కొలిచేవాణ్ణి. ఏ పెట్టెలో ఎలుకలకి ఏ మందు పడిందో నాకు చెప్పరు కూడా."

"చెప్పినా ఏం లాభం లెండి. ముప్పై ఏళ్లుగా వండిపెడుతుంటే నా కూరకే ఒక్క మార్కు వెయ్యలేదు మీరు. ఎలుకకి వేస్తారా."

"ఉప్పెక్కువైతే చెబుతాను కదా. చెప్పలేదంటే బాగున్నట్టే."

"అబ్బో. మహాభాగ్యం," అని ఆమె నవ్వింది. నవ్వుకు దగ్గు అడ్డొచ్చింది. దగ్గు తగ్గాక కుర్చీలో కూర్చుని, రెండు కాళ్లూ పీట మీద పెట్టుకుని, మోకాళ్ల మీది బట్టను పాదాలు కప్పేలా కిందికి లాక్కుంది. ఈ మధ్య ఆమె అలాగే కూర్చుంటోంది. రెండు దిండ్లు వేసుకుని పడుకుంటోంది. జలుబు అంది. అదీ కుదురైన కారణమే.

ఆ ఆకుకు పుస్తకాల్లో పొడుగాటి పేరొకటి ఉంది. ఇంట్లో మాత్రం దాని పేరు వాపాకు. ఆమె పుట్టింట్లో బెణికినా, వాచినా, కందిరీగ కుట్టినా అదే మందు. పెళ్లై వస్తూ ఆమె నగల కంటే జాగ్రత్తగా తెచ్చుకున్నది తడిగుడ్డలో చుట్టిన ఆ మొక్క పిలకలనే. ఇప్పుడవి వెనకవైపు గోడ పొడుగునా అల్లుకున్నాయి. ఆయన మణికట్టు కీలు వాచి, వేళ్లు ముడవడమే కష్టమైపోయిన ఆరేళ్ల నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ముద్ద నూరి పట్టిస్తోంది. పనిచేస్తోందా అంటే ఆయన ఎప్పుడూ ఔననలేదు, కాదనలేదు. చెయ్యి చాపేవాడు, అంతే.

*

ఆయన పనిచేసేది మందుల మీద పరిశోధన జరిగే ఒక కాలేజీలో, రెండో అంతస్తు చివరనున్న జంతువుల గదిలో. జీతం పట్టీలో అటెండరు అని ఉంటుంది. గదిలో అందరూ పిలిచేది గీతల బాబాయి అని. కొత్తగా చేరినవాళ్లు ఆయన పాటలు పాడతాడేమో అనుకుంటారు. పాట సంగతి దేవుడెరుగు, గట్టిగా మాట్లాడటం కూడా ఎవరూ వినలేదు. మనుషులకు నుదుటి మీద రాసే పని దేవుడిదైతే ఎలుకలకు చీలమండ మీద రాసే పని ఈయనది, అందుకని ఆ పేరు.

వాపు తగ్గించే మందు ఏదైనా సరే, ముందు వాపు ఉండాలి కదా. సముద్రపు నాచు నుంచి తీసిన పొడిని నీళ్లలో కలిపి ఎలుక వెనక పాదంలో సూదితో ఎక్కిస్తే, గంట గంటకూ ఆ పాదం ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో తెలియడానికి ఒక గాజు గొట్టంలో పాదాన్ని ముంచుతారు. దానికి అతికించిన ఇంకో సన్న గొట్టంలో నీళ్లు పైకి లేస్తాయి. లేచినంత అంకె చదవాలి. ఆయన చేరిన కొత్తలో గొట్టంలో పాదరసం ఉండేది. ఇప్పుడు ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లు. మిగతాదేమీ మారలేదు.

చెప్పుకుంటే ఇంతే. కానీ పాదాన్ని ఎక్కడిదాకా ముంచాలి? ఒకసారి వేళ్లదాకా, ఒకసారి పిక్కదాకా ముంచితే ఆ అంకెలు ఎందుకూ కొరగావు. అందుకని పొద్దున్నే ప్రతి ఎలుకకూ చీలమండ చుట్టూ నల్ల సిరాతో గీత గీస్తాడు. ఆ గీతదాకా ముంచాలి. అక్కడ కూడా ఒక తిరకాసుంది. ఎంత సన్నటి కలంతో గీసినా గీతకు కొంత మందం ఉంటుంది. పై అంచు ఒకటి, కింది అంచు ఒకటి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన నేర్పేది ఒక్కటే మాట. "పై అంచుదాకా. నీళ్లు గీతను మింగాలి." గీత మందం గోరు అంచంత కూడా ఉండదు. ఆ కాస్త తేడాలోనే ఒక సీసాలోది మందని తేలుతుంది, ఇంకో సీసాలోది ఉత్త నీళ్లని తేలుతుంది.

ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. చంకలో చెయ్యి వేసి ఎత్తితే ఎలుక కిక్కురుమనదు. పాదం నిటారుగా దిగుతుంది, పై అంచు దగ్గర ఆగుతుంది, అంకె వినపడుతుంది, పాదం బయటికొస్తుంది. ఒక ఊపిరి పట్టే వ్యవధి. పక్క విభాగాలవాళ్లు కూడా తమ కొలతల రోజున ఆయన్ను అడిగి తీసుకెళతారు. ఏళ్ల కిందట ఒక పెద్ద ప్రొఫెసరు, పుస్తకంలో ఒక అంకె నమ్మశక్యంగా లేదని ఎవరో అంటే, కొలిచింది ఎవరని మాత్రం అడిగి, ఈయన పేరు వినగానే ఆ పుస్తకం మూసేశాడట. ఆ మాట ఆయన ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. భార్య మాత్రం వీధి వీధంతా చెప్పింది. పిల్లలు లేని ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ పెద్దగా లేదు.

ఇవాళ్టి పరీక్ష ఒక పరిశోధక అమ్మాయిది. మనిషి పొట్టి, మాట వేగం. గదిలో ఆమెకు పెట్టిన పేరు పొట్టి డాక్టరమ్మ, డాక్టరు పట్టా ఇంకా రాకపోయినా. రెండేళ్ల కిందట బాబాయి చొక్కా చేతి అంచున ఆకుపచ్చ మరక చూసి అదేమిటని ఆరా తీసింది ఆమే. ఆకు తెప్పించుకుంది, ఎండబెట్టింది, సారం తీసింది, రెండేళ్లుగా దాన్నే పట్టుకుని ఉంది. ఆమెకు పని చూపించే సారు నెల తిరిగేసరికి ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్నారు. ఆలోగా ఫలితం రాసి ఇవ్వకపోతే, ఇంకో సారును వెతుక్కుని, జంతువుల కోసం మళ్లీ అనుమతి అడుక్కుని, మొదటి నుంచి మొదలెట్టాలి.

పెట్టెలు మూడు. పెట్టెకు ఆరు ఎలుకలు. ఒక పెట్టెకు పసుపు దారం, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ. ఒక గుంపుకు ఏమీ లేని జిగురు నీళ్లు, ఒక గుంపుకు అందరికీ తెలిసిన వాపు మాత్ర పొడి, ఒక గుంపుకు వాపాకు సారం. మూడింటికీ ఒకే రంగు కలిపి, ఒకేలాంటి సీసాల్లో పోసి, ఏ దారం దేనిదో కాగితం మీద రాసి కవరులో అంటించేసింది అమ్మాయి. కొలిచే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకు నచ్చినవైపు ఒరుగుతుంది.

మందు పట్టించక ముందు కొలతలు తీసి, తడిసిన గీతలను ఆయన మళ్లీ దిద్దాడు. తర్వాత అమ్మాయి పక్క గదిలో ఒక్కో ఎలుకకూ నోట్లో సన్న గొట్టం పెట్టి మందు పట్టించింది. గంట ఆగి పాదాలకు సూదులు వేసింది. ఇంకో గంటకు ఆయన తన ఎత్తు పీట లాక్కుని గాజు గొట్టం ముందు కూర్చున్నాడు. మొదటి గంట కొలత, తర్వాత రెండో గంట కొలత. ఆయన అంకె చెప్పడం, ఆమె రాసుకోవడం. కిటికీలోంచి పలచటి ఎండ, ఫినాయిలు వాసన, రంపపు పొట్టు వాసన, ఎలుకల ఘాటు. వీటన్నిటి మధ్య ఒక్కోసారి తన మణికట్టు మీది ముద్ద వాసన కూడా సన్నగా తగిలినట్టనిపించి, సబ్బుతో ఇంకోసారి రుద్దుకోవాల్సింది అనుకున్నాడు.

మూడో గంట కొలతకు ముందు గీతలు మళ్లీ దిద్దడం ఆయన పద్ధతి. సబ్బు నీళ్లలో మునిగి మునిగి సిరా వెలిసిపోతుంది. మూడో గంటకే వాపు బాగా పొంగుతుంది, అసలు కొలత అదే, అప్పుడు గీత కనబడకపోతే కుదరదు. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి డబ్బా విప్పి నాలుగు ముద్దలు తింటోంది. ఆయన కలం మూత తీసి పసుపు దారం పెట్టె ముందు కూర్చున్నాడు. ఆరు గీతలూ బూడిద రంగుకు దిగాయి. దిద్దాడు. ఎరుపు దారం పెట్టె. ఆరూ బూడిద రంగే. దిద్దాడు.

పచ్చ దారం పెట్టెలో మొదటి ఎలుకను ఎత్తాడు. గీత పొద్దున గీసినట్టే నల్లగా ఉంది.

ఒక్కో ఎలుకకు సిరా బాగా పడుతుంది, అనుకుని రెండోదాన్ని ఎత్తాడు. నల్లగానే ఉంది. మూడోది. నాలుగోది. ఒకటో రెండో అయితే ఏదో ఒకటి అనుకోవచ్చు. ఆరు గీతలూ ఆరింటికీ చెక్కుచెదరలేదు. ఆరో ఎలుకను ఛాతీ దగ్గర పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎలుక మూతి ఆయన గడ్డం కిందికి వచ్చింది. దాని నోట్లోంచి వాపాకు వాసన వచ్చింది.

అది మణికట్టు వాసన కాదు. పొద్దుటి నుంచీ ఆ వాసన ఈ పెట్టె దగ్గరే వచ్చింది. పసుపు దగ్గర లేదు, ఎరుపు దగ్గర లేదు. ముక్కుకు తెలిసింది. ముక్కు చెబితే బుర్ర వినలేదు గానీ చెయ్యి విన్నది. ఈ ఆరింటినీ గీత కింది అంచు దగ్గరే ఆపేసింది. నీళ్లు గీతను మింగలేదు, తాకి వదిలేశాయి, అంకె తగ్గి వాపు తక్కువగా కనిపించింది. ఆయన అబద్ధమాడలేదు, గొట్టంలో కనిపించిన అంకె కనిపించినట్టే చెప్పాడు. అబద్ధమాడింది చెయ్యి. ముప్పై ఏళ్లుగా ఇంటి కూరకు ఒక్క మార్కు వెయ్యని మనిషి, రెండు గంటల్లో పన్నెండుసార్లు, తనకే తెలియకుండా మార్కులు కలిపేశాడు.

చేతిలో కలం ఉంది. ఆ ఆరింటి మీదా ఒకసారి తిప్పేస్తే అన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి. అమ్మాయి డబ్బా మూత పెడుతోంది. ఆమె రెండేళ్లూ, ఇంట్లో కాళ్లు పీట మీద పెట్టుకుని ఎదురుచూస్తున్న మనిషీ, ఎవరో పెద్దాయన పుస్తకం మూసేసిన ఆనాటి మర్యాదా అన్నీ ఆ సిరా కిందికి క్షేమంగా వెళ్లిపోతాయి. ఆయనకు చాలా భయమేసింది. ఎంత తేలికో చూసి భయమేసింది. కలానికి మూత పెట్టాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

"అయిపోయిందా బాబాయ్? ఇంకా ఇరవై నిమిషాలుంది."

"ఈ గీతలు చూడు. ఇంకా దిద్దలేదు. పసుపు, ఎరుపు వెలిసిపోతేనే ఇప్పుడు దిద్దాను. వీటిని చూడు."

ఆమె వంగి చూసింది. "బాగా నిలిచాయే," అంది.

"నిలవకూడదమ్మా. నీళ్లు మింగిన గీత నిలవదు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అక్కడే ఉన్న ఖాళీ పెట్టె మీద కూర్చుంది.

"పచ్చ దారంలో ఏ మందుందో మీకెలా తెలిసింది? కవరు నా సంచిలో ఉంది."

"వాసన."

"ఏ వాసన? నాకేం రావట్లేదే."

"నీకెందుకొస్తుంది? ఆరేళ్లుగా రెండు పూటలా నా చేతికుండే వాసన. నా పక్కన పడుకునే మనిషి వేళ్లకుండే వాసన. దానికి నువ్వు ఏ రంగు కలిపినా నేను పోల్చేస్తాను."

"కావాలని చేశారా బాబాయ్?"

"కావాలని చేస్తే ఇంత బాగా కుదిరేది కాదు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. పుస్తకం తెరిచి ఆ రెండు వరుసల అంకెలూ చూసింది. చాలాసేపు చూసింది.

"చెప్పకుండా ఉండాల్సింది," అంది చివరికి, మెల్లగా. "దిద్దేస్తే నాకు తెలిసేది కాదు."

"నీకు తెలిసేది కాదు. రేపు నీ రాత చూసి ఎవరో మాత్ర మానేసి ఈ ఆకు నూరి పూసుకుంటారు. వాపు లాగేస్తుందని పుస్తకంలో ఉంది కదా అనుకుంటారు. వాళ్లకీ తెలియదు."

ఆమె ముఖం తుడుచుకుంది. గడియారం చూసింది. మూడో గంటకు పదహారు నిమిషాలుంది.

"మిగతావి నువ్వు కొలువు," అన్నాడాయన.

"నాకు చెయ్యి వణుకుతుంది. ఇన్ని గంటలు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి అయితే అది మరీ గోల. మీరే కొలవాలి. మీకు తెలియకుండా చెయ్యాలి, అంతే."

అప్పుడు ఆమె తన సంచిలోంచి తలనొప్పి బాము డబ్బీ తీసింది. ఆయన దాన్ని రెండు ముక్కుపుటాల్లోనూ దట్టంగా పెట్టుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆరు నల్ల గీతల మీద కూడా మిగతావాటి మీద తిప్పినట్టే కలం తిప్పాడు. ఆమె పెట్టెలను ఆయన వీపు వెనక్కి జరిపి, వరుస కలిపేసి, ఒక్కో ఎలుకనూ తోక మీది గుర్తు కనబడకుండా పిడికిట్లో మూసి భుజం మీదుగా అందించింది. ఆయన అందుకుని ముంచాడు. పై అంచుదాకా. నీళ్లు గీతను మింగాయి. అంకె చెప్పాడు. పద్దెనిమిదిసార్లు. గంట తర్వాత మళ్లీ పద్దెనిమిదిసార్లు. బాము మంటకు ప్రపంచంలో ఇంక ఏ వాసనా లేదు. మణికట్టు సలపడం మొదలెట్టింది.

మధ్యాహ్నం వెలుగు గోడ మీదికి మళ్లే వేళకు ఆమె కవరు చింపి, లెక్క వేసి, కాగితం ఆయన వైపు తిప్పింది. మూడో గంటకు ఉత్త నీళ్ల ఎలుకలకు పాదం సగటున నూటికి డెబ్బై వంతులు ఉబ్బింది. మాత్ర పడినవాటికి ముప్పై ఎనిమిది. వాపాకు పడినవాటికి యాభై ఏడు.

"లాగింది బాబాయ్. లాగకపోలేదు. మాత్ర లాగిన దాంట్లో సగం కూడా లేదు, అంతే. ముందు రెండు గంటల్లో అయితే మాత్రతో సమానంగా వచ్చింది." ఆమె కలం పట్టుకుని ఆ రెండు గంటల వరుసల మీదా నిలువునా కొట్టేసింది. "కారణం రాయాలి. ఏం రాయను?"

"నా చెయ్యి తప్పిందని రాయి."

ఆమె ఆలోచించి, "కొలిచినవారికి వాసన తెలుసు," అని రాసింది. అది చాలినంత కారణమా, సారు ఒప్పుకుంటారా, ఆమెకూ తెలియదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంటూ, "చూద్దాం లెండి," అంది.

పరీక్ష అయ్యాక ఎలుకలను మళ్లీ వాడరు. మూత ఉన్న గాజు పెట్టెలో మత్తు దూది వేసి, వాటిని నిద్రపుచ్చి పంపేయడం కూడా ఆయన పనే. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన గదిలో ఎవరినీ ఉండనివ్వడు. ముక్కులో బాము ఉంది గనక ఇవాళ మత్తు వాసన కూడా తెలియలేదు. ఒక్కోదాన్నీ పడుకోబెడుతూ చీలమండ మీది గీతను తడిదూదితో తుడిచాడు. అలా తుడవమని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు నుంచీ తుడుస్తూనే ఉన్నాడు.

వెళ్లేముందు అమ్మాయితో, "రేపటి నుంచి కొలతలకు ఇంకో చేతిని చూసుకోండమ్మా. నాలుగు నెలల్లో ఎలాగూ దిగిపోతాను. అందాకా పెట్టెలు కడుగుతాను," అన్నాడు.

"మీ చెయ్యి కంటే నమ్మకమైనది ఎక్కడ దొరుకుతుంది?"

"అందుకే," అన్నాడు.

*

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఏం చెప్పాలో దారి పొడుగునా వరుస పేర్చుకున్నాడు. ముందు ఫలితం చెప్పాలి. పాసైంది, అత్తెసరు మార్కులతో. ఆమె అలుగుతుంది. పెరటి చెట్టు కదా, అలాగే ఉంటుంది, అంటుంది. అప్పుడు అసలు సంగతి చెప్పాలి. నీకు పన్నెండుసార్లు మార్కులు కలిపానే, పట్టుబడిపోయాను, అనాలి. ఆమె నోటికి బట్ట అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. కూరకు వెయ్యని మార్కులు ఎలుకలకు వేశారా అంటుంది. వీధంతా చెబుతుంది. చెప్పనీ. పరువు పోయిన రోజున మనిషికి ఇంత తేలిగ్గా ఎందుకుంటుందో ఆయనకు అర్థం కాలేదు. ఇంటికి ఎప్పుడెప్పుడు చేరతానా అనుకుంటూ బస్సులో కూర్చుని ఎన్నేళ్లైందో కూడా గుర్తురాలేదు.

తలుపు తీసే ఉంది. ఆమె కుర్చీలో, కాళ్లు పీట మీద పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి ఉంది. పక్కనే గిన్నెలో సాయంత్రపు ముద్ద నూరి మూత పెట్టి ఉంది.

"పాసైంది నీ ఆకు," అన్నాడాయన బూట్లు విప్పుకుంటూ. "అత్తెసరు మార్కులే అనుకో. మాత్రలో సగం కూడా రాలేదు. కానీ ఇంకో సంగతుంది, నవ్వకూడదు. పొద్దున నువ్వు అన్నావే, నేను మార్కులు వెయ్యనని. వేశానే. పన్నెండుసార్లు వేశాను. నాకే తెలీదు. చెయ్యి వేసేసింది." బూటు తాడు ముడి పడింది. వాచిన వేళ్లతో దాన్ని విప్పుకుంటూ, తల ఎత్తకుండానే, "మొత్తానికి నన్ను దొంగను చేశావు," అన్నాడు.

నవ్వు వినబడలేదు. ముడి విడిపోయాక తలెత్తి చూశాడు. చెయ్యి చాపి ఆమె భుజం కదిపాడు. తర్వాత ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాడు. కూర్చున్నచోట ఆమె పాదాలు ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా వచ్చాయి, రోజూ గాజు గొట్టం వచ్చేంత ఎత్తులో.

బట్ట అంచు పైకి జరిగి ఉంది. చీలమండలు కనబడటం లేదు. కాలూ పాదమూ ఒకటైపోయి, నునుపుగా మెరుస్తూ ఉబ్బి ఉన్నాయి. చీలమండ ఉండాల్సిన చోట చెప్పు పట్టీ నొక్కిన గాడి చుట్టూతా దిగబడి ఉంది. ఆ గాడికి పైనా కిందా, రెండు కాళ్లకూ, ఎండి పగుళ్లిచ్చిన ఆకుపచ్చ ముద్ద ఉంది. బాము ఘాటు తగ్గుముఖం పట్టిన ముక్కుకు ఆ వాసన ఇప్పుడు తెలిసింది. ఆమె దగ్గర ఎప్పుడూ ఉండే వాసనే. ఆయన బొటనవేలితో మెల్లగా నొక్కాడు. గుంట పడింది. చాలాసేపు చూశాడు. అది పూడలేదు.

పక్కింటావిడ వచ్చింది. వీధి చివరి డాక్టరును ఎవరో పిలుచుకొచ్చారు. డాక్టరు పరీక్ష చేసి, గుండె అని, మధ్యాహ్నమే పోయి ఉంటారని చెప్పాడు. కాగితం మీద రాసుకుంటూ, మామూలుగా అడగాల్సిందే అడిగాడు.

"కాళ్లకి ఈ వాపు ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

ముప్పై ఏళ్లుగా గంట గంటకూ వాపు చదివిన మనిషి నోరు తెరిచాడు. నోట్లో అంకె లేదు. డాక్టరు ఆ చోటు ఖాళీగా వదిలేసి, కింది వరుసకు వెళ్లాడు.

చీకటి పడకముందే ఇల్లంతా మనుషులు నిండారు. వచ్చినవాళ్లు మెట్టు దగ్గర చెప్పులు విడుస్తుంటే, ఆమెవి కాళ్ల కింద పడతాయని పక్కింటావిడ వాటిని తీసి గోడవారగా పెట్టింది. ఆయన వెళ్లి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తోలు ముడుచుకుపోలేదు, మెత్తగానే ఉంది. పట్టీకి కొట్టువాడు పెట్టిన చిల్లు గుండ్రంగా, ఇత్తడి రింగుతో ఉంది. దాని అవతల మేకుతో పొడిచినది ఒకటి, దానవతల ఇంకొకటి, ఆ అవతల మూడోది. మూడోదాని చుట్టూ తోలు పొట్టు ఇంకా లేచే ఉంది, పొద్దుటిది. ఆ చిల్లు తర్వాత పట్టీలో ఇంక తోలు లేదు.